సారమ్మత్త రెండో సాక్ష్యం

అది 1997, వానాకాలం. కలకత్తా రేవుకు దగ్గర్లో ఏక్‌బాల్‌పూర్ సందుల్లో ఒక పాత రెండంతస్తుల ఇల్లు. దాని కింది గదిలో దానియేలు మావయ్య, ఆయన భార్య సారమ్మత్త ఉండేవారు. మావయ్యకు పార్కిన్సన్స్ జబ్బు. ఆయన్ని చూసుకోవడానికి నన్ను ఆయాగా పెట్టుకున్నారు. పొద్దున్న ఎనిమిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి ఇంటికి వచ్చేసేదాన్ని. మా పనిలో దాన్ని డే డ్యూటీ అంటారు. వాళ్ళు నాకు చుట్టాలు కారు. శ్రీకాకుళం వైపు నుంచి రేవులో డాక్ పనికి వచ్చిన కుటుంబాలు మావీ వాళ్ళవీ. మా ఇంట్లో నూకాలమ్మ పటం, వాళ్ళింట్లో బైబిలు. వరసలు కలుపుకోవడానికి అదేమీ అడ్డు రాలేదు.

నా పేరు నూకరత్నం. ఆ పక్కనే వాట్‌గంజ్‌లో పుట్టాను. తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివి మానేశాను. ఆయాకు సూది వేసే చదువు ఉండదు. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, తినిపించడం, పట్టుకుని నడిపించడం, డాక్టరు రాసిన మాత్ర వేళకు నోట్లో వెయ్యడం, ఇవీ మా పనులు. మాత్ర రాసే చెయ్యి డాక్టరుది, వేసే చెయ్యి మాది. ఈ రెండో చెయ్యి ఎంత చెడగొట్టగలదో నేను మావయ్య దగ్గర నేర్చుకున్నాను.

పార్కిన్సన్స్ అంటే చేతులు వణకడమే అనుకుంటారు చాలామంది. వణుకు అందులో ఒక ముక్క మాత్రమే. మన మెదడులో డోపమైన్ అనే పదార్థం ఒకటి తయారవుతూ ఉంటుందట. కాలూ చెయ్యీ మన మాట వినాలంటే అది ఉండాలి. ఈ జబ్బులో అది తయారుచేసే కణాలు మెల్లమెల్లగా పోతాయి. అప్పుడు ఒళ్ళు బిగుసుకుంటుంది. మనిషి వంగిపోయి, కాళ్ళు ఈడుస్తూ, చిన్న చిన్న అడుగులు వేస్తాడు. ముఖం కూడా బిగుసుకుపోయి సంతోషమొచ్చినా కోపమొచ్చినా ఒక్కలాగే ఉంటుంది. గొంతు సన్నబడుతుంది. గడప దగ్గరకు వచ్చేసరికి పాదాలు నేలకు మేకు కొట్టినట్టు ఆగిపోతాయి. దాన్ని ఫ్రీజింగ్ అంటారు. మావయ్యకు కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానిమీద ఒకటి దొర్లుతూ ఉండేవి, బీడీ చుడుతున్నట్టు. చిత్రమేమిటంటే చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడే ఆ వణుకు ఎక్కువ. ఏదైనా అందుకోబోతే తగ్గుతుంది.

దీనికి ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా. అది మెదడులోకి వెళ్ళి డోపమైన్‌గా మారుతుంది. జబ్బును పోగొట్టదు గానీ మనిషిని కదిలిస్తుంది. మాత్ర పనిచేస్తున్న సమయాన్ని డాక్టర్లు ‘ఆన్’ అంటారు, పనిచెయ్యని సమయాన్ని ‘ఆఫ్’ అంటారు, లైటు స్విచ్చికి చెప్పినట్టే. ‘ఆన్’లో ఉన్న మనిషినీ ‘ఆఫ్’లో ఉన్న మనిషినీ పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ములని కూడా అనుకోరు.

దానియేలు మావయ్య డాక్‌లో సిగ్నల్‌మాన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఓడలో సరుకు ఎక్కించేటప్పుడు క్రేను నడిపేవాడికి ఓడ కడుపులో ఏముందో కనపడదు. అంచున నిలబడిన సిగ్నల్‌మాన్ చెయ్యి చూసి నడుపుతాడు. ‘హబేస్’ అంటే పైకి, ‘ఆరియా’ అంటే కిందికి. ఆ గోలలో మాట వినపడకపోతే చెయ్యే మాట. బరువు వేలాడుతుంటే కింద పదిమంది కూలీలు ఉంటారు. వేలు తప్పు తిరిగితే ప్రాణాలు పోతాయి. మావయ్య నిలబడ్డ ఓడలో ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదని మా నాన్న చెప్పేవాడు. అలాంటి చెయ్యి ఇప్పుడు లేని బీడీలు చుడుతూ కూర్చుంది.

మాత్ర మొదలుపెట్టిన కొత్తలో బాగా పనిచేసిందట. రెండేళ్ళు ఆయన తన పనులు తానే చేసుకున్నాడు, ఆదివారం చర్చికి నడిచి వెళ్ళాడు. తర్వాత ఒళ్ళు చిక్కింది, కడుపులో మంటన్నాడు. సారమ్మత్త ఆలోచించి, ఇది మందు వేడి అని తేల్చింది. మన ఇళ్ళల్లో తెలియందేముంది, గట్టి మందు వేడి చేస్తుంది, వేడికి విరుగుడు పాలు. అప్పటినుంచి మాత్రకు పాలు తోడయ్యాయి. బిహారీ గోవాలా, అంటే పాలవాడు, రాందేవ్ కళ్ళెదుటే పిండిన చిక్కటి పాలు, పెద్ద గ్లాసు నిండా. పొద్దున్న మాత్రతో పాలూ ఉడికిన గుడ్డూ, మధ్యాహ్నం మాత్ర చేపల కూరా పప్పూ తింటుండగా, సాయంత్రం మళ్ళీ పాలు. తను బ్లౌజులు కుట్టి, ఒంటిపూట తిని ఆయనకు పెట్టేది. అంత శ్రద్ధగా మొగుణ్ణి చూసుకున్న మనిషిని నేను తక్కువ చూశాను.

అయితే ఆ ఏడాదిలోనే ఆయన రోజురోజుకూ బిగుసుకుపోయాడు. గడప దగ్గర పడి నుదురు చిట్లింది. అప్పుడే నన్ను పెట్టుకున్నారు.

మొదటి రోజు నుంచీ పొద్దున్న ఆ ఇంటి పాట ఇదే.

“ఏటే నూకాలూ, పాలు కాగినాయా?”

“కాగినాయి అత్తమ్మా.”

“వొట్టి కడుపున ఆ మాత్ర ఎయ్యకు. పేగులు కాలిపోతాయి. గుక్కెడు పాలు తాగించి, మాత్రేసి, మిగతావి తాగించు.”

కుర్చీలోంచి మావయ్య సన్నటి గొంతు వచ్చేది. “పాలొద్దు.”

“ఇదిగో, మొదలెట్టీసినాడు! పెళ్ళైనకాణ్ణుంచీ ఇదే పాట. ఉయ్యాల్లో ఉన్నప్పుడే ఉగ్గుగిన్ని తన్నీసీవోడంట, మా అత్త సెప్పినాది.”

నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే గ్లాసు ఆయన పెదవులకు ఆనించేదాన్ని. ఆయన చేత్తో గ్లాసును పక్కకు తోసేవాడు. వణుకు కదా అనుకుని ఇంకో చేత్తో ఆ చెయ్యి పట్టుకుని మరీ తాగించేదాన్ని. ఖాళీ గ్లాసు అత్తకు చూపిస్తే ఆవిడ ముఖం వెలిగేది.

జూన్‌లో ఆయన్ని గవర్నమెంటు ఆసుపత్రి ఔట్‌డోర్‌కు, అంటే పైరోగులను చూసే చోటుకు తీసుకెళ్ళాం. డాక్టరు కుర్రవాడు, బెంగాలీ. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిపోతుంటే తోసుకుంటూ మావయ్య చేతులు మడిచి చూశాడు, నడిపించి చూశాడు.

“మాషి, మాత్ర వేళకు ఇస్తున్నారా?” అని నన్ను అడిగాడు. అక్కడ ఆయాలను పిన్నీ అన్నట్టు మాషీ అంటారు.

“గడియారం చూసి ఇస్తున్నాను డాక్టర్‌బాబూ.” అబద్ధం కాదు.

ఆయన కాగితం మీద చాలాసేపు చూశాడు. “రెండుసార్లు డోస్ పెంచాం. ఇంత డోస్‌కి ఈ మనిషి లేచి తిరగాలి. ఇంకో రెండు నెలలు చూద్దాం. అప్పటికీ ఇంతే ఉంటే ఇది మామూలు పార్కిన్సన్స్ కాకపోవచ్చు. ఇలాగే కనిపించే వేరే జబ్బులున్నాయి. వాటికి ఈ మాత్ర పెద్దగా పట్టదు.”

“మరి వాటికేం మందు?” అని అడిగాను.

డాక్టరు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. అదే జవాబు. మేం లేచేటప్పుడు మాత్రం గట్టిగా చెప్పాడు. “ఒక్క మాట. మీ అంతట మీరు మాత్ర ఒక్కసారిగా ఆపకండి. ఒళ్ళు కొయ్యబారిపోతుంది, జ్వరం వస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు.”

తిరిగొచ్చేటప్పుడు ధర్మతలా దగ్గర ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి బస్సు గంటన్నర ఆగిపోయింది. అత్త కిటికీ వైపు తిరిగి, “ఆడి దగ్గర మందు నేదు. ఇంక ప్రభువే” అంది.

ఆ తర్వాతి శుక్రవారం నుంచి ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టింది. సంఘంలోని ఆడవాళ్ళు ఐదారుగురు పదకొండింటికి వచ్చి సాయంత్రం నాలుగు దాకా పాటలు, ప్రార్థన. అప్పటిదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. మావయ్య కూడా, “నాకూ ఉపవాసమే” అన్నాడు. రోగికి ఎందుకన్నా వినలేదు. సరే, మాత్ర మాత్రం ఆపకూడదు కదా అని నీళ్ళతో ఇచ్చాను.

మొదటి శుక్రవారం ఆయన కుర్చీలోంచి తనంతట తాను లేచాడు. రెండో శుక్రవారం గడప దాటాడు. మూడో శుక్రవారం పాటలో గొంతు కలిపాడు. ఆడవాళ్ళు పాట ఆపేసి ఏడ్చారు. సారమ్మత్త మోకాళ్ళ మీద పడిపోయింది. నేను వేరే దేవుణ్ణి కొలిచేదాన్నే అయినా దండం పెట్టుకున్నాను. శనివారం పొద్దున్నకు ఆయన మళ్ళీ కొయ్యబొమ్మ.

“మన ఇశ్వాసం శుక్రవారంతో అయిపోతన్నాది, అందుకే” అంది అత్త. ఆ ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. డాక్టర్లు చేతులెత్తేసిన తన భర్తను ప్రభువు ఉపవాస దినాన లేపి నడిపిస్తున్నాడని, మాత్రలు చెయ్యలేనిది ప్రార్థన చేసిందని. సంఘమంతా స్తోత్రం అన్నారు. ఇంటికొచ్చాక నాకు చెప్పింది.

“నూకాలూ, ఒకటో తారీకు నుంచి మాత్ర ఒగ్గేస్తన్నాం. సగం మాత్ర మీద, సగం ప్రభువు మీద కాలు పెడితే ఏటౌతాది? రెండు పడవలు.”

“అత్తమ్మా, ఆ డాక్టరు ఏటన్నాడో మరిసిపోనావా? ఒక్కసారిగా ఆపితే పేనం మీదికొస్తాదన్నాడు.”

“ఆడే సెప్పినాడు గదే, ఈ మాత్ర పట్టనేదని. పట్టని మాత్ర మానేస్తే పేనం ఎలాగ పోతాది? నువ్వు సెప్పు.”

అడిగినదాంట్లో న్యాయం ఉంది. మావయ్య వైపు చూశాను. ఆ ముఖంలో ఏమీ తెలియదు. పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

“పాలు... ఒగ్గీ” అన్నాడు.

“సూసినావా?” అని అత్త నవ్వేసింది. “పేనాల గురించి మాట్లాడతంటే ఈయనకు పాల గొడవ!”

ఒకటో తారీకుకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ మంగళవారం వాన పట్టుకుంది. ఏక్‌బాల్‌పూర్‌లో గట్టిగా నాలుగు గంటలు కురిస్తే సందులు కాలవలైపోతాయి. బుధవారం పొద్దున్న వాట్‌గంజ్ నుంచి మోకాలి లోతు నీళ్ళల్లో, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాను. గదిలోకి అప్పటికే నీళ్ళొచ్చేశాయి. మావయ్య మంచం మీద కాళ్ళు ముడుచుకుని ఉన్నాడు. కిరసనాయిలు స్టవ్ తడిసిపోయింది. రాందేవ్ రాలేదు. వాళ్ళ గేదెలే నీళ్ళల్లో నిలబడి ఉన్నాయట. పాలు లేవు, గుడ్డు లేదు, అన్నం ఎప్పుడుడుకుతుందో తెలియదు.

“మాత్రెలాగ అత్తమ్మా?”

“నీళ్ళతో ఎయ్యి. ఏటి సేస్తాం మరి, గతి నేదు.”

నీళ్ళతో వేశాను. ఇద్దరం సామాన్లు మంచం మీదికి ఎత్తడంలో పడ్డాం. అత్త కుట్టు మిషను దగ్గరకొచ్చి ఆగిపోయాం. ఇనప స్టాండుతో ఉన్న పాత కాలం మిషను, ఇద్దరు మగాళ్ళ బరువు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దానివల్లే. నీళ్ళు పెడలు దాటి పైకి వస్తున్నాయి. మేడ మీద ఉండే రఫీక్ భాయ్, ఆయన తమ్ముడు వచ్చి మెట్ల మీదుగా ఎక్కించబోయారు. మెట్లు ఇరుకు, పాచి పట్టి జారుతున్నాయి. రెండో మెట్టు మీదే తమ్ముడి కాలు జారి స్టాండు అతని పాదాన్ని గీరింది. “హోబే నా, కాకీమా” అని రఫీక్ భాయ్ చేతులెత్తేశాడు, అవ్వదు పిన్నీ అని.

వెనకనుంచి ఒక గొంతు వినపడింది. సన్నగా లేదు.

“మెట్లెందుకురా? మేడ వరండా లేదూ? తాడు కట్టి లాగండి.”

తిరిగి చూశాం. దానియేలు మావయ్య నీళ్ళల్లో నిలబడి ఉన్నాడు. మంచం దిగి, గడప దాటి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వాకిట్లోకి వచ్చేశాడు. శుక్రవారం కాదు. ప్రార్థన లేదు. బుధవారం పొద్దున్న తొమ్మిదిన్నర.

ఆ తర్వాత పావుగంట చూసిన వాళ్ళు ఎప్పటికీ మర్చిపోరు. తాడు ఎక్కడ కట్టాలో, ఎన్ని మెలికలు వెయ్యాలో చెప్పి రఫీక్ తమ్ముడి చేత కట్టించాడు. నచ్చక విప్పించి మళ్ళీ కట్టించాడు. “ఇది పెళ్ళికూతురి జడ కాదురా, ముడి!” అన్నాడు. మేడ మీద ముగ్గురు మగాళ్ళు వరండా స్తంభానికి తాడు చుట్టి పట్టుకున్నారు. పైవాళ్ళకు కింద మిషను కనపడదు, చూరు అడ్డం. మావయ్య వాకిలి మధ్యకు వెళ్ళి, పైవాళ్ళకు తను, తనకు మిషను కనపడే చోట నిలబడ్డాడు. కుడి చెయ్యి ఎత్తి చూపుడువేలు మెల్లగా గుండ్రంగా తిప్పాడు. “హబేస్!”

మిషను నీళ్ళల్లోంచి లేచింది. నేనూ అత్తా కింద నిలబడ్డాం. మేడ అంచు దాకా వచ్చేసరికి గాలికి అది గిర్రున తిరిగి గోడవైపు ఊగింది. సరిగ్గా దాని కింద అత్త ఉంది. మావయ్య పిడికిలి బిగించి పైకెత్తాడు. పైవాళ్ళు టక్కున ఆగారు.

“సారా, ఇటు రా,” అన్నాడు, కన్ను మిషను మీంచి తిప్పకుండా. “ఏలాడతన్న బరువు కిందెవులూ నిలబడరు.”

అత్త పక్కకు వచ్చింది. ఆ పిడికిలి గాలిలో ఎంతసేపు ఉందో అంతసేపూ నేను దాన్నే చూశాను. కదల్లేదు. ఊగడం ఆగాక అరచెయ్యి నేలవైపు తిప్పి రెండుసార్లు మెల్లగా దించాడు, “ఆరియా... ఆరియా.” మిషను వరండాలో పిల్లిపిల్లలా దిగింది. మేడ మీద చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం కూడా వంట లేదు. మరమరాలు తిన్నాం. రెండో మాత్రా నీళ్ళతోనే పడింది. సాయంత్రం దాకా ఆయన మనిషిలా తిరిగాడు. మర్నాడు గురువారమూ రాందేవ్ రాలేదు. శుక్రవారం సరేసరి. శనివారం నీళ్ళు దిగాయి, పాలొచ్చాయి, ఆయన మళ్ళీ కుర్చీలో బిగుసుకుపోయాడు. అప్పుడు నా మట్టిబుర్రకు వెలిగింది.

నిజం చెప్పాలంటే శుక్రవారం సాయంత్రమే, ఆయన గొంతు బాగున్నప్పుడు, పక్కన కూర్చుని అడిగాను. “మావయ్యా, పాలు తాగిన రోజు మాత్ర పట్టట్లేదా ఏటి?”

“నాలుగు నెలలై అదే సెప్తన్నాను గదే.”

“పాలొద్దన్నారు గానీ మాత్ర సంగతెప్పుడన్నారు?”

“అంత మాట సెప్పడానికి నోరు రావొద్దేటి? పాలు తాగిన రోజు నోరు రాదు. నోరొచ్చిన శుక్రవారం నాడు మీరంతా నా సెవుల్లో పాటలు పాడతన్నారు.” ముఖం కదిలింది. ఆయన నవ్వుతాడని నాకు అప్పుడే తెలిసింది.

“ఉపవాసం కూడా అందుకేనా?”

“సగం ప్రభువు కోసం,” అన్నాడు. “సగం పాలు తప్పించుకోడానికి.”

శనివారం మళ్ళీ అలా అయ్యాక ఈ మాట అత్తకు ఎలా చెప్పాలో తెలియక రోజంతా గిన్నెలు తోమాను. ఆయా ఇంటావిడ వంటను తప్పుపట్టదు, అది మా పనిలో మొదటి పాఠం. ఒకటో తారీకు మాత్రం దగ్గరికొస్తోంది. చివరికి చెప్పేశాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను, లేచి పొమ్మంటుందనుకున్నాను. ఆవిడ మాత్రం గోడకున్న చర్చి కేలండరు తీసి నా ముందు పెట్టింది.

“ఆదివారం నీళ్ళతో ఇద్దాం. సోమారం పాలతో. మంగళారం నీళ్ళతో. సూద్దాం. నా మీద జాలిపడి లెక్క మార్చకు.”

ఆదివారం నడిచాడు. సోమవారం లేవలేదు. మంగళవారం ఆయన గడప దాటుతుంటే అత్త కేలండరు మీద పెన్సిలుతో గీత పెట్టింది.

“ఏడాదిన్నర,” అంది. “నా సేతుల్తో కట్టీసినాను గదే ఈయన్ని.”

బుధవారం ఇద్దరం ఔట్‌డోర్‌కు వెళ్ళాం. డాక్టరు కేలండరు చూసి, కళ్ళద్దాలు తీసి, నుదురు కొట్టుకున్నాడు. “నేను వేళ అడిగాను, దేంతో ఇస్తున్నారని అడగలేదు” అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద గౌరవం ఇప్పటికీ ఉంది. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పాడు. పాలు, గుడ్డు, చేప, పప్పు, వీటిల్లో ప్రొటీను ఉంటుంది. అది పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి వెళ్ళే దారీ ఈ మందు వెళ్ళే దారీ ఒకటే. రెండూ ఒకేసారి వస్తే సీల్దా స్టేషన్లో లోకల్ రైలు తలుపు దగ్గర తోపులాటే. ప్రొటీను గుంపుగా ఎక్కేస్తుంది, మందు ప్లాట్‌ఫారం మీద ఉండిపోతుంది. అందరికీ ఇంతగా కాదు, జబ్బు కొన్నేళ్ళు ముదిరిన వాళ్ళలో కొందరికి బాగా తెలుస్తుంది. మాత్ర తిండికి అరగంట ముందు నీళ్ళతో, లేదా తిన్న గంట తర్వాత. కడుపులో తిప్పితే ఒక ఉప్పు బిస్కెట్టు. “పాలూ చేపా మాన్పించకండి, మనిషి చిక్కిపోతాడు. రాత్రి భోజనంలో పెట్టండి” అన్నాడు. పెంచిన డోస్ కూడా ఇప్పుడు ఎక్కువవుతుందని ఒక మెట్టు తగ్గించాడు.

“అయితే ఇది ఆ వేరే జబ్బు కాదా?” అని అత్త అడిగింది.

“కాదు కాకీమా. మందు పట్టే జబ్బే.”

బయటికొచ్చాక ఆవిడ మెట్ల మీద కూర్చుంది. నీళ్ళిచ్చాను. తాగి, “ఆదివారం నాను సంఘంలో మళ్ళీ నిలబడాల” అంది.

ముందుగా పాస్టరుగారికి చెప్పింది. ఆయన మంచివాడు. “అమ్మా, సాక్ష్యం విని ఎంతోమంది బలపడ్డారు. ఇప్పుడు నిలబడి మీ పరువు మీరే తీసుకోవడం ఎందుకు? నలుగురికీ నెమ్మదిగా తెలుస్తుందిలెండి” అన్నాడట.

“నెమ్మదిగా తెలిసీలోపు ఎవులైనా మాత్ర పారీస్తేనో అయ్యగారూ?” అందట ఈవిడ.

ఆ ఆదివారం నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. పొద్దున్నే మాత్ర నీళ్ళతో వేసి బయల్దేరాం కాబట్టి మావయ్య తన కాళ్ళ మీద నడిచి మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. సారమ్మత్త లేచింది. చదువుకున్న మనిషి కాదు, కాగితం లేదు.

“రెండు వారాల కింద నానిక్కడ ఓ మాట సెప్పినాను. మాత్ర సెయ్యనిది పార్థన సేసినాదని. ఆ మాట తప్పు. మాత్ర మంచిదే. నాను దాన్ని పాలల్లో ముంచీసి సంపీసినాను. శుక్రవారం నాడు పాలు నేవు, అందుకని పని సేసినాది. ప్రభువు నా పార్థన ఇన్లేదని కాదు, ఇన్నాడు. నా తప్పు నాకు సూపించడానికి శుక్రవారం పెట్టినాడు. నాను అది సూడకుండా స్తోత్రం అన్నాను. మీరెవులూ నా మాటిని మందు మానకండి. నాకు సెమాపణ కావాల.”

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి దానియేలు మావయ్య లేచాడు. ఆ గొంతు చర్చిలో వినపడి ఏడాది దాటింది.

“నాకు పాలంటే సిన్నప్పట్నుంచి సిరాకు,” అన్నాడు. “అబద్ధాలాడి ఎన్నోసార్లు పారబోసినాను. అందుకే నిజం సెప్పిననాడు మా ఆవిడ నమ్మనేదు. తప్పు సగం నాది.”

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. అత్త కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఆరాధన అయ్యాక షాలిమార్ నుంచి వచ్చే మార్తమ్మ, రైల్వే ఆయన భార్య, అత్తను మూలకు పిలిచింది. చేతిసంచీలోంచి బీపీ మాత్రల అట్ట తీసి చూపించింది. ఒక్కటీ తియ్యలేదు. “నీ సాక్ష్యం ఇన్నకాణ్ణుంచీ మానేసినాను. తల తిరుగుతన్నాది. ఇశ్వాసం తక్కువేమో అనుకున్నాను.” అత్త ఆ అట్ట చింపి మాత్ర ఆవిడ అరచేతిలో పెట్టింది. నేను నీళ్ళు తెచ్చాను. సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్తానని మార్తమ్మ చేత మాట తీసుకుని గానీ అత్త చెయ్యి వదల్లేదు.

మావయ్య ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. జబ్బు ఆగలేదు, దాని దారిన అది నడిచింది. చివర్లో ఒక్కో మాత్ర రెండు గంటలకు మించి నిలిచేది కాదు. ఆ రెండు గంటలూ ఆయన ఏ పనికి ఖర్చుపెట్టాలో ముందు రోజే అనుకుని ఉంచుకునేవాడు. సారమ్మత్త గడియారం పక్కన కూర్చుని కాపలా కాసేది. మళ్ళీ ఏ మందునూ తన ఊహతో చల్లబరచలేదు.

ఆ కేసు నాకు రెండు నేర్పింది. ఒకటి, ఏ ఇంటికి డ్యూటీకి వెళ్ళినా మొదటి రోజే అడుగుతాను, ఈ మాత్ర దేంతో ఇస్తున్నారని. రోగి ఏదైనా వద్దంటే అది మొండితనమని తేల్చేముందు, ఆ వద్దన్నదాని తర్వాత గంటలో ఒళ్ళు ఎలా ఉందో రాసుకుంటాను. నాలుగో తరగతి చదువు దానికి చాలు.

రెండోది చెప్పడం కష్టం. ఆ ఆదివారం అత్త తప్పంతా తన మీద వేసుకుంది, మావయ్య సగం తీసుకున్నాడు. నాలుగు నెలలు ఆ పాలు కాచింది నేను. వద్దని తోస్తున్న చెయ్యి పట్టుకుని, నవ్వుతూ, తాగించింది నేను. వెనక బెంచీలో కూర్చుని అదంతా విన్నాను, లేవలేదు. ఆయా తప్పు చేసిందని తెలిస్తే ఇంకో ఇంట్లో పెట్టుకోరని భయపడ్డాను. సారమ్మత్త నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు, తర్వాత కూడా. అందుకే ఇది రాశాను. నాకు లేచి నిలబడడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆవిడకు నాలుగు రోజులు పట్టింది.